కుడి మూలన అంకెలు

నీడ కదులుతోంది.

గేటు స్తంభం నీడ. రాతి పలకల మీద, ఒక పలక నుంచి ఇంకో పలకకు... తొందర లేకుండా, ఎవరికీ చెప్పకుండా.

గాలికి గేటు కొద్దిగా తెరుచుకుంటుంది. ఇంకాస్త తెరుచుకుంటుంది. ఎర్ర టోపీ పెట్టుకున్న పాప ఆ సందులోంచి బయటికి నడుస్తుంది. మూడేళ్ళుంటాయేమో. నాలుగడుగులు వేసి ఒకసారి వెనక్కి తిరుగుతుంది. నోరు కదులుతుంది. ఏమందో వినపడదు — ఆ కెమెరాకి చెవులు లేవు.

ఎవరూ రారు.

పాప మళ్ళీ ముందుకు తిరుగుతుంది. టోపీ గోడ చాటుకు వెళ్ళిపోతుంది. నీడ ఒక్కటే మిగులుతుంది, కదులుతూ.

పంతొమ్మిది నిమిషాల వీడియో ఇది. ఎన్నిసార్లు చూశానో నాకే తెలియదు. చూసిన ప్రతిసారీ ఆ పాపను వెనక్కి పిలవాలనిపిస్తుంది. కానీ పిలవమని నన్నెవరూ అడగలేదు.

నన్ను అడిగింది ఒక్కటే. దీని మీద తేదీ వెయ్యాలి. టైము వెయ్యాలి. కింద, కుడి మూలన... నడిచే అంకెల్లో.

అక్క పనిచేసేది పసిపిల్లల కేంద్రంలో. పనులకు వెళ్ళే తల్లులు పొద్దున పిల్లల్ని దించి, సాయంత్రం తీసుకుపోయే చోటు. పంతొమ్మిదేళ్ళుగా అక్కడ ఆయా. పిల్లలంతా బువ్వమ్మ అంటారు. మొదట అలా పిలిచినవాడికి ఇప్పుడు మీసాలొచ్చాయి. పేరు మాత్రం పిల్లల నుంచి పిల్లలకు అలా నడిచి వస్తూనే ఉంది.

పొద్దున ఏడు నుంచి ఒంటిగంట దాకా అక్క. ఒంటిగంటకు ఆఫీసులో గంట కొడతారు. అప్పటినుంచి ఇంకో ఆయా. చేరి నాలుగు వారాలే అయింది. అందరూ ఆవిణ్ణి కొత్తావిడ అంటారు.

ఆ సోమవారం పాప గేటు దాటింది. సందు చివర మలుపులో బోర్లా పడింది. గడ్డం చీలింది. ఏడు కుట్లు. ఉత్తరాలు పంచే ఆయన చూసి, ఎత్తుకుని తెచ్చి ఆఫీసులో అప్పగించేసరికి ఒకటిన్నర.

పాప ఇప్పుడు బాగానే ఉంది. కానీ పాప ఒక్కతే బాగుంటే సరిపోతుందా... ఎవరో ఒకరు బాగుండకుండా పోవాలి కదా. దానికే విచారణ పెట్టారు.

విచారణలో ఒకటే ప్రశ్న. పాప గేటు దాటినప్పుడు పూచీ ఎవరిది? ఒంటిగంటకు ముందైతే అక్కది. తర్వాతైతే కొత్తావిడది. ఎవరిదని తేలితే వాళ్ళ ఉద్యోగం పోతుంది.

గేటు గడియ విరిగి మూడు నెలలైంది. బాగు చేయించండని అక్క మూడుసార్లు కాగితం రాసి ఇచ్చింది. పదకొండు మంది పిల్లలకు ఒక్క మనిషిని పెట్టారు. ఆ సంగతి ఎత్తితే విచారణ చేసే ఆయన తల పైకెత్తకుండానే అన్నాడట, "అది ఈ విచారణ పరిధిలోకి రాదమ్మా."

మేము ఆయన్ని ఫైలాయన అనుకుంటాం. ఫైలు లేకుండా ఆయన చేతులు ఎలా ఉంటాయో చూసినవాళ్ళు లేరు.

ఆయన పరిధిలోకి వచ్చేది ఒక్క టైమే.

ఆ టైము కెమెరాకే తెలియదు. కేంద్రంలో కెమెరా పెట్టిన మనిషి చెప్పాడు, "కరెంటు పోయినప్పుడల్లా దానికి మతి పోతుందండి. మళ్ళీ జనవరి ఒకటి నుంచి మొదలెడుతుంది." ఆ తప్పు తేదీ కనపడితే బాగుండదని, అసలు తేదీ టైమూ కనపడకుండానే పెట్టేశాడు మహానుభావుడు. ఆ రోజు కరెంటు వచ్చినప్పుడు రికార్డు మొదలైంది. మళ్ళీ పోయినప్పుడు ఆగిపోయింది. మధ్యలో ఈ పంతొమ్మిది నిమిషాలు.

"తేదీ, సమయం లేని వీడియో చెల్లదు," అన్నాడు ఫైలాయన. "వేయించుకుని రండి."

వేయించుకుని రండి.

ఎవరు వెయ్యాలి? ఎక్కణ్ణుంచి తెచ్చి వెయ్యాలి? ఆయన అడగలేదు. చెప్పలేదు. మూలన కనపడాలి, అంతే. ఇది విన్నప్పుడు నవ్వాలో ఏడవాలో నాకు తెలియలేదు.

వీడియో చెల్లకపోతే ఏమవుతుందని అడిగిందట అక్క.

"ఇద్దరినీ తీసేస్తాం."

ఆ మాట మూటగట్టుకుని అక్క నా షాపుకొచ్చింది. పది గంటలకు రమ్మన్నాను. ఎప్పటిలాగే పది నిమిషాల ముందే వచ్చి, తాళం తియ్యని తలుపు ముందు మెట్ల మీద కూర్చుంది. చేతిలో పెన్‌డ్రైవ్. చీర కొంగులో చుట్టి పట్టుకుంది.

"నువ్వు రోజూ చేసే పనేగా చిట్టీ. నీకెంతసేపు."

నాకెంతసేపట!

నా పని వేడుకల వీడియోలు కత్తిరించి అతికించడం. ఏడుపు మొహాలు తీసేస్తాను. నవ్వు మొహాలు ముందుకు తెస్తాను. వాన పడిన పెళ్ళిలోంచి వానను తీసేశాను ఒకసారి. అలిగి మధ్యలో వెళ్ళిపోయిన పెదనాన్నను చివరి దాకా కూర్చోబెట్టాను. అన్నీ వచ్చు నాకు. కానీ నడిచే గడియారం మాత్రం ఎప్పుడూ వెయ్యలేదు. సంబరాల్లో టైము ఎవరు చూస్తారు?

మొదటిసారి వేస్తే అంకెలు వచ్చాయి. కదల్లేదు.

పాప నడిచింది, గేటు ఊగింది, నీడ జరిగింది. అంకెలు మాత్రం గోడకి మేకు కొట్టినట్టు అక్కడే ఉన్నాయి.

రెండోసారి కదిలాయి. కానీ అవి ఆ రోజు టైము కాదు, నా కంప్యూటర్లో అప్పుడైన టైము. పాప పదిన్నరకు గేటు దాటుతోంది... ఈ రోజు పదిన్నరకు.

మూడోసారి సరైన చోటు నుంచి మొదలయ్యాయి. కానీ నత్త నడక. పంతొమ్మిది నిమిషాల వీడియోకి నా గడియారం పదకొండు నిమిషాలే నడిచింది. ఎనిమిది నిమిషాలు ఎటు పోయాయి? కూర్చుని కూర్చుని కనిపెట్టాను. ఆ కెమెరా సెకనుకు పదిహేను బొమ్మలు తీస్తుంది. నా కంప్యూటర్ ఇరవై ఐదు అనుకుంటుంది. ఇరవై ఐదు నిండితే గానీ ఒక సెకను అయిందని ఒప్పుకోదు. దానికి నచ్చజెప్పేసరికి నా గొంతు ఎండిపోయింది. యంత్రంతో మాట్లాడుతున్నానని అప్పుడు గానీ తెలియలేదు.

నాలుగోసారి యాభై తొమ్మిది తర్వాత అరవై వచ్చింది. అరవై ఒకటి వచ్చింది. అరవై రెండు... నేను కళ్ళు మూసుకున్నాను.

అయిదోసారి అన్నీ కుదిరాయి. వీడియో తయారవుతోందని గీత నిండుతూ వచ్చింది. తొంభై. తొంభై అయిదు. తొంభై ఎనిమిది. కంప్యూటర్ ఆగిపోయింది.

తల ప్రాణం తోకకొచ్చింది నాకు.

ఇంతకూ అసలు చిక్కు ఇదేదీ కాదు. అంకెలు నడిపే ముందు ఒక చిన్న గడి వస్తుంది. దాని మీద రాసి ఉంటుంది — మొదలయ్యే సమయం. లోపల ఖాళీ. సన్నటి గీత ఒకటి వెలిగి ఆరుతూ ఉంటుంది. నువ్వు చెప్పు, నేను నడుస్తాను అన్నట్టు.

ఏం చెప్పను?

మళ్ళీ చూశాను వీడియో. గేటు, పలకలు, నీడ. ఎడమ పక్క హాలు కిటికీ. కిటికీ లోపల గోడ. గోడ మీద గుండ్రంగా, తెల్లగా...

గడియారం!

పెద్దది చేసి చూశాను. ఇంకా పెద్దది. ముళ్ళు రెండూ మసక మసకగా ఉన్నాయి కానీ ఉన్నాయి. పన్నెండూ యాభై ఏడు. పెద్ద ముల్లు గీత మీదికి జరిగే క్షణం కోసం కాచుకుని కూర్చున్నాను. జరిగింది. పట్టుకున్నాను.

గడిలో కొట్టాను. అంకెలు పరుగెత్తాయి. గాలి వీచింది, గేటు తెరుచుకుంది, పాప నడిచింది. నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగేసరికి కుడి మూలన —

01:06:12.

ఒకటీ ఆరు. ఒంటిగంట దాటాక ఆరు నిమిషాలు.

అక్క బతికిపోయింది. కుర్చీలోంచి లేచి గదంతా రెండుసార్లు తిరిగాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

అక్కను పిలిచి చూపించాను. అక్క పాపను చూడలేదు, గేటును చూడలేదు. మొదటి నుంచి చివరి దాకా ఆ మూలనే చూసింది, కళ్ళార్పకుండా. తర్వాత నా తల దగ్గరికి లాక్కుని గట్టిగా పట్టుకుంది. అక్క చేతులు చల్లగా ఉన్నాయి. సంతోషం అనుకున్నాను.

ఫైలాయన మూడుసార్లు తిప్పి పంపాడు.

తెల్ల గోడ మీద తెల్ల అంకెలు కనపడటం లేదన్నాడు. వెనక నల్ల పట్టీ వేశాను. రోజు ముందుండాలి, నెల తర్వాత ఉండాలన్నాడు. మార్చాను. అంకెలు ఇంకా పెద్దవి కావాలన్నాడు. పెంచాను. పెంచితే నీడ కొస కాస్త ఆ పట్టీ కిందికి పోయింది. నీడను ఎవరు చూస్తారులే అనుకున్నాను.

మూడుసార్లలో ఒక్కసారి కూడా ఆయన అడగలేదు — అమ్మా, ఈ టైము నీకెలా తెలుసు?

నాలుగోసారి తల ఊపాడు. "బాగుంది. ఇప్పుడు ఆధారంలా ఉంది. మంగళవారం మూడింటికి ఆఖరి విచారణ. 'ఇందులోని తేదీ, సమయం సరైనవే' అని సంతకం పెట్టి ఆఖరి కాపీ ఇవ్వండి."

సంతకమే కదా, పెడతాననుకున్నాను.

సోమవారం పొద్దున కొత్తావిడ వచ్చింది.

ఆవిణ్ణి చూడటం అదే మొదటిసారి. చిన్న వయసే. చెప్పులు గుమ్మం బయట విడిచి, లోపలికి రావాలా వద్దా అన్నట్టు నిలబడింది. వీడియో చూసుకునే హక్కు తనకూ ఉందని ఆఫీసులో చెప్పారట. "ఒక్కసారి చూపిస్తారా మేడం? నేను దేన్నీ ముట్టుకోను."

చూపించాను. చేతులు ఒళ్ళో పెట్టుకుని, బడిలో కూర్చున్నట్టు కూర్చుని చూసింది. పాప వెనక్కి తిరిగింది. అంకెలు నడిచాయి. ఒకటీ ఆరు.

కొత్తావిడ నుదురు ముడిపడింది.

"నేను వచ్చేటప్పటికి ఆ పాప లేదు మేడం... లేదనే అనుకున్నా. టోపీ కొక్కేనికి లేదు. ఇంటికి తీసుకెళ్ళి ఉంటారనుకున్నా." కాసేపు ఆగింది. "కానీ ఇందులో ఒకటీ ఆరు ఉంది కదా. అంటే నా పూచీలోకి వచ్చినట్టే కదా. నేనే చూసుకోలేదన్న మాట."

నేను వీడియో ఆపాను.

"మనిషికైతే మరుపుంటుంది. అంకెలకేముంటుంది మేడం," అంది. "వారం నుంచి నిద్ర లేదు. తప్పు నాది కాదేమోనని. ఇప్పుడు తెలిసింది కదా, పోనీలెండి."

పోనీలెండి అంటూనే కళ్ళు తుడుచుకుంది. తన కళ్ళను తనే నమ్మడం మానేసింది... నా అంకెలు చూసి. నా నల్ల పట్టీ చూసి.

లేచి, చెప్పులు వేసుకుంటూ, ఏదో గుర్తొచ్చినట్టు నవ్వింది. "ఆ రోజూ గంట ఆలస్యంగానే కొట్టారు మేడం. నేను వెనక తలుపులోంచి హాల్లోకి అడుగుపెట్టాను, ఒంటిగంట గంట కొట్టారు. గడియారం చూస్తే ఒకటీ పది! ఇక్కడ రోజూ అంతే. గంట కొట్టే ఆయనకి అంత బద్ధకం."

ఆవిడ వెళ్ళిపోయింది.

కిటికీలోని గడియారాన్ని మళ్ళీ పెద్దది చేసి చూశాను.

ఒకటీ పది. రోజూ అంతే. పది నిమిషాలు.

మా అమ్మ దారం మిల్లులో పనిచేసేది. ఒకసారి రెండు నిమిషాలు ఆలస్యమైందని మిల్లు తలుపులు వేసేశారు. ఆ రోజు ఇంటికొచ్చి, ఎవరితోనూ మాట్లాడకుండా స్టూలెక్కి, గోడ గడియారాన్ని పది నిమిషాలు ముందుకు తిప్పింది. మళ్ళీ ఎప్పుడూ వెనక్కి తిప్పలేదు.

అక్కా నేనూ ఆ గడియారం కిందే పెరిగాం. ఎవరైనా టైమెంత అని అడిగితే మేమిద్దరం ఒకే గొంతుతో ఎదురు అడిగేవాళ్ళం — "మా ఇంటి టైమా, ఊరి టైమా?" పది తీసేసి చెప్పడం మాకు ఎక్కాల కంటే ముందొచ్చింది. ఇంటికొచ్చిన చుట్టాలు కంగారుపడి పరుగెడితే మేము తలుపు వెనక నవ్వుకునేవాళ్ళం.

అమ్మ పోయాక ఆ గడియారం అక్క ఇంటికి వెళ్ళింది. అలవాటు అక్కతో కేంద్రానికి వెళ్ళింది. అక్కను చూస్తే తెలియట్లేదూ... ఎక్కడికైనా పది నిమిషాల ముందే వచ్చి మెట్ల మీద కూర్చునే మనిషి. తను చూసుకునే హాల్లో గడియారం ఊరి టైము చూపిస్తుందా?

నేను మాత్రం కంప్యూటర్ల మధ్యకు వచ్చి పడ్డాను. ఇక్కడ టైము దానంతటదే సరిగ్గా ఉంటుంది. ఎవరూ ఏమీ తీసెయ్యక్కర్లేదు.

పది తీసెయ్యడం మర్చిపోయాను. ఊళ్ళో ఇంకెవరు మర్చిపోయినా చెల్లుతుంది. నేను మర్చిపోవచ్చా?

ఒకటీ ఆరులోంచి పది తీసేస్తే పన్నెండూ యాభై ఆరు. గంట కొట్టడానికి నాలుగు నిమిషాల ముందు.

అక్క పూచీ.

అక్క ఇంటికి వెళ్ళాను. బట్టలు మడత పెడుతోంది. గోడ మీద అమ్మ గడియారం పది నిమిషాలు ముందు నడుస్తోంది, ఏమీ ఎరగనట్టు.

"నీకు ఆ రోజే తెలుసు కదూ?"

అక్క మడత ఆపలేదు. "అంకెలు వేసింది నువ్వు. నేను ఇన్ని వెయ్యమన్నానా?"

"చెప్పలేదేం మరి?"

"నువ్వడగలేదుగా."

అరికాలి మంట నెత్తికెక్కింది. ఏదేదో అన్నాను. ఏమన్నానో గుర్తు లేదు, గొంతు మాత్రం అమ్మ గొంతులా ఉంది. అక్క అన్నీ విని, చేతిలో చొక్కా ఒళ్ళో పెట్టుకుంది.

"పదకొండు మంది చిట్టీ. ఒకడికి బువ్వ పెడుతున్నా. ఇంకొకడు కక్కుకున్నాడు, కడుగుతున్నా. నాకున్నవి రెండు చేతులు. గేటు గడియ కోసం మూడుసార్లు రాసి ఇచ్చా, ఒక్కడు కదిలాడా? ఆ కాగితాలకి తేదీ వేశాను నేను. చక్కగా వేశాను. ఎవడు చూశాడు?"

"మరి ఆవిడ ఏం చేసింది?"

"ఆవిడకి వయసుంది. ఇంకోచోట దొరుకుతుంది. నాకెవరిస్తారు పని?"

అక్క తప్పు చెప్పిందనలేను. ఒప్పు చెప్పిందనీ అనలేను. గడప దాకా వచ్చి అక్క మెల్లిగా అంది, "రేపు మూడింటి దాకా నోరు మూసుకోవే. తర్వాత నీ ఇష్టం వచ్చినట్టు తిట్టు."

ఇంటికి వచ్చే దారంతా అక్కను తిట్టుకున్నాను. ఫైలాయన్ని తిట్టుకున్నాను. మతి లేని కెమెరాని, గడియ వెయ్యని గేటును, మిల్లు తలుపులు వేసినవాణ్ణి తిట్టుకున్నాను. ఎక్కువగా నన్నే తిట్టుకున్నాను.

ఇంకా ఒక చిన్న ఆశ ఉండింది. గడియారం ఆ ఒక్క రోజు సరిగ్గా ఉందేమో. కొత్తావిడ తప్పు చూసిందేమో. ఒక్కటి మాత్రం అబద్ధం చెప్పదు, దాన్ని అడుగుదాం అనుకున్నాను.

మంగళవారం పన్నెండున్నరకు కేంద్రం గేటు దగ్గర నిలబడ్డాను. మంచి ఎండ. చేతిలో ఫోను. ఫోనులో నల్ల పట్టీ తీసేసిన బొమ్మ ఒకటి — పాప వెనక్కి తిరిగిన క్షణం. ఆ బొమ్మలో స్తంభం నీడ కొస మూడో పలకలో ఉన్న బీటను సరిగ్గా తాకుతోంది.

నీడ కదులుతోంది.

రెండో పలక. పన్నెండూ ముప్పై అయిదు.

మూడో పలక అంచు. పన్నెండూ నలభై ఎనిమిది.

చెమటలు పట్టాయి. లోపల పిల్లలెవరో ఏడుస్తున్నారు. ఎవరో జోకొడుతున్నారు. అక్క గొంతే.

బీట. నీడ దాని మీదికి వచ్చి, ముట్టుకుని, ఆగినట్టే అనిపించింది. ఫోను చూశాను. పన్నెండూ యాభై ఆరు.

ఎనిమిది రోజుల్లో నీడ ఎంత మారుతుందో నాకు తెలియదు. ఒక నిమిషం అటూ ఇటూ కావచ్చు. పది నిమిషాలు మాత్రం కాదు.

కిటికీలోంచి హాలు గడియారం వైపు చూశాను. అది ఒకటీ ఆరు చూపిస్తుందని తెలిసే చూశాను.

పన్నెండూ యాభై ఆరు.

మళ్ళీ చూశాను. ఫోను చూశాను. గడియారం చూశాను. పంతొమ్మిదేళ్ళు ముందు నడిచిన గడియారం ఈ రోజు సరిగ్గా ఉంది. సెకను ముల్లుతో సహా ఊరి టైములో ఉంది.

ఎవరో స్టూలెక్కారు. ఎవరో పది నిమిషాలు వెనక్కి తిప్పారు. అమ్మ ఎప్పుడూ చెయ్యని పని.

ఏడుపొచ్చింది నాకు. కోపంతో వచ్చిన ఏడుపో, ఇంకేదో. ఇప్పుడు ఎవరు వచ్చి అడిగినా ఆ గడియారం తప్పని చెప్పేవాళ్ళు లేరు. అంతా సరిగ్గా ఉంది. నేనొక్కదాన్ని తెలిసినదాన్ని. నేనూ, మూడో పలకలో బీటా.

షాపుకొచ్చి అక్కకు ఫోన్ చేశాను. రెండింటికి రమ్మన్నాను.

ఈలోగా వీడియో మీది అంకెలన్నీ తీసేశాను. నల్ల పట్టీ తీసేశాను. తియ్యడానికి ఒక్క నిమిషం పట్టింది... వెయ్యడానికి అయిదు రోజులు పట్టినవి. పట్టీ పోగానే నీడ కొస బయటికి వచ్చింది.

మూడు దారులే ఉన్నాయి. ఒకటీ ఆరు వేస్తే కొత్తావిడ పోతుంది. పన్నెండూ యాభై ఆరు వేస్తే అక్క పోతుంది. ఏదీ వెయ్యకపోతే ఇద్దరూ పోతారు. ఏది వేసినా కింద సంతకం నాది. గడియ విరగ్గొట్టుకుని కూర్చున్న గేటుకి మాత్రం ఏమీ కాదు, అది పరిధిలోకి రాదు.

అక్క వచ్చింది. షాపు గోడ మీద గడియారం లేదు, కంప్యూటర్ మూలన టైము చూశాను. సరిగ్గా రెండు. నాకు తెలిసి అక్క పది నిమిషాల ముందు రాకపోవడం ఇదే మొదలు. మెట్ల మీద కూర్చోలేదు. నేరుగా లోపలికి వచ్చింది.

"అంకెలేవే?"

నేను కుర్చీ జరిపాను. కూర్చుంది. వీడియో మొదలైంది.

అలవాటుగా అక్క కళ్ళు కుడి మూలకు వెళ్ళాయి. అక్కడ చూడటానికి ఏమీ లేదు. పలకలున్నాయి, నీడ ఉంది. కాసేపు అక్కడే వెతికి, ఇక చేసేది లేక మిగతాది చూడటం మొదలుపెట్టింది. గేటు. గాలి. ఎర్ర టోపీ.

పాప నాలుగడుగులు వేసింది. వెనక్కి తిరిగింది.

పెదవులు కలిశాయి. విడిపోయాయి. మళ్ళీ కలిశాయి.

అక్క చెయ్యి నోటి మీదికి వెళ్ళింది.

ఎవరూ రాలేదు. పాప ముందుకు తిరిగింది. టోపీ గోడ చాటుకు పోయింది.

"బువ్వమ్మా అంది," అక్క గొంతు నాకు వినపడీ వినపడనట్టు ఉంది. "నన్నే పిలిచిందే చిట్టీ. నన్నే. నేను కుళాయి దగ్గరున్నా... వినపడలేదు."

ఎన్నిసార్లు చూశాను ఈ వీడియోని. ఆ నోరు ఏమంటోందో నాకు తెలియలేదు. అక్కకు ఒక్కసారికే తెలిసింది. అక్క ఏడుస్తోంది, చప్పుడు లేకుండా. కోపం ఎక్కడికి పోయిందో నాకే తెలియలేదు. పూర్తిగా మాత్రం పోలేదు.

రెండూ ఇరవై అయింది. రెండూ ఇరవై అయిదు. మూడింటికి ఫైలాయన కుర్చీలో కూర్చుంటాడు. కొత్తావిడ చెప్పులు విడిచి గుమ్మంలో నిలబడుతుంది.

గడి తెరిచాను. మొదలయ్యే సమయం. లోపల ఖాళీ. గీత వెలిగి ఆరుతోంది.

చేతులు మీటల మీద పెట్టాను. అక్క వైపు చూడకుండా అడిగాను. ఇన్నేళ్ళ తర్వాత అడుగుతున్నాను, నవ్వు రాలేదు.

"అక్కా... మన ఇంటి టైమా, ఊరి టైమా?"

అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తెర వైపు చూస్తోంది.

వీడియో మళ్ళీ మొదటికి వచ్చింది. పలకలు. గాలి. ఇంకా తెరుచుకోని గేటు.

నీడ కదులుతోంది...